భర్తగారి ప్రోత్సాహంతో

పరిచయ వాక్యాలు రాయమని నాకు చెప్పింది మా ఆయనే. మా తెలుగు సంఘం వార్షికోత్సవానికి కొరియా పార్లమెంటు సభ్యురాలు ముఖ్య అతిథిగా వస్తోంది. పేరు నామ్ సున్-బోక్. మూడేళ్ల క్రితం దాకా ఇక్కడే, సింగపూర్ సెరంగూన్‌లో, మా ఎదురింటావిడ.

"నీ ఫ్రెండే కదా తారా, ఒక పేజీ రాసివ్వు. చదివేది నేనేలే" అన్నాడు కృష్ణప్రసాద్. సంఘానికి ఆయన కార్యదర్శి. తొంభై తొమ్మిది మే నెల అది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారుమారవుతాయని లోకమంతా భయపడుతుంటే, ఆ భయం పుణ్యమా అని సాఫ్ట్‌వేర్లో ఉన్న మావాళ్లందరికీ చేతినిండా పని. కొరియాలో కూడా నాలుగు కంపెనీలు తగిలితే బాగుండునని మా ఆయన ఆశ.

నేను ఇష్టంగా రాశాను. ఆమె సంగతులు నాకు కంఠతా వచ్చు. తండ్రి బొగ్గుగనిలో కూలీ. లాయరు పరీక్ష ఐదుసార్లు తప్పి, ఆరోసారి గట్టెక్కింది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లల తరఫున పదేళ్లు వాదించింది. భర్తకి బ్యాంకులో సింగపూర్ బదిలీ వస్తే కేసు కాగితాలన్నీ జూనియర్లకి అప్పగించి వెంట వచ్చేసింది. గుంటూరు కోర్టులో ఏడేళ్ల ప్రాక్టీసు వదిలేసి నేను వచ్చినట్టే. సాయంత్రాలు పిల్లల్ని స్విమ్మింగ్ పూల్లో వదిలి, గట్టు మీద కూర్చుని తను గెలిచిన కేసులు తను, నేను ఓడిన కేసులు నేను చెప్పుకునేవాళ్లం.

తొంభై ఐదు చివర్లో ఆమెను ఎన్నికల్లో నిలబడమని ఒక పార్టీవాళ్లు ఫోన్ చేశారు. ఫోనెత్తిన భర్త "మా ఆవిడకి ఆసక్తి లేదు" అని పెట్టేశాడు. ఆమెకి చెప్పలేదు. మూడు వారాల తర్వాత స్నేహితురాలెవరో "ఎందుకు కాదన్నావే" అని ఏడిస్తే తెలిసింది. మర్నాడే ఒక్క సూట్‌కేసుతో కొరియాకి బయల్దేరింది. ఆ సూట్‌కేసు టాక్సీలోకి ఎత్తింది నేను. చలిలో కూడలి కూడలికీ నిలబడి, నడుం వంచి దండాలు పెట్టి, ఎనిమిది వందల ఓట్లతో గెలిచింది.

ఉన్నదున్నట్టు అంతా రాశాను.

వార్షికోత్సవం రోజు, ఆదివారం పొద్దున, పెసరట్టు తింటూ కాగితం చదివాడు కృష్ణప్రసాద్. సగంలో ఆగిపోయాడు.

"ఈ ఫోన్ గొడవ పేరా ఏంటి? ఎవర్ని ఉద్దేశించి రాశావ్?"

"ఎవర్నేంటండీ? సున్-బోక్ వాళ్లాయన్ని."

"నాటకాలొద్దు. ఆ ముసలాయనకి నేను మెయిల్ పెట్టానని మనసులో పెట్టుకుని, నలుగురి ముందూ ఇది నా చేతే చదివిద్దామనుకున్నావ్. అంతేగా?"

అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏ ముసలాయన?

ఫిబ్రవరిలో మా సీనియర్ విశ్వనాథంగారికి ఉత్తరం రాశాను. వేసవి సెలవులయ్యాక మళ్లీ ప్రాక్టీసు మొదలుపెడతాను, మీ ఆఫీసులో ఒక టేబుల్ ఇస్తారా అని. జవాబు త్వరగా వస్తుందని చివర్న ఈమెయిల్ అడ్రసు ఇచ్చాను. మా ఇంటికంతా కలిపి ఒకటే అడ్రసు, అది ఆయన పేరు మీద ఉంది. ఆయనే ఆఫీసులో తెరిచి, నాకేమైనా వస్తే ప్రింటు తీసి తెస్తాడు. మా తెలుగువాళ్ల ఇళ్లన్నిట్లో అప్పుడదే పద్ధతి. ఎవరికీ తప్పుగా తోచలేదు, నాకు కూడా. మూడు నెలలుగా సాయంత్రం ఆయన చెప్పులు విప్పేలోపే "ఏమైనా వచ్చిందా?" అని అడుగుతున్నాను. "ఏం రాలా" అంటున్నాడు.

"ఆయనేం రాశారు?" అని అడిగాను.

నాకు నిజంగా తెలియదని అప్పటికి ఆయనకి అర్థమైంది. ముక్క తుంచి చట్నీలో అద్దాడు. "రమ్మన్నాడు. మే నెలాఖర్లోగా చెప్పమన్నాడు, లేకపోతే ఇంకెవరికో ఇస్తాట్ట."

"మీరేం రాశారు?"

"ఇప్పుడు ఆసక్తి లేదని. నిఖిల చదువుంది, ఇల్లుంది. నీకు చెబితే ఊరికే బాధపడతావని చెప్పలా."

"నేను రాసినట్టే రాశారా?"

"మన అడ్రసేగా."

మా ఎనిమిదేళ్ల నిఖిల పాలగ్లాసు దించింది. "డాడీ, అమ్మ లెటర్‌కి నువ్వు రిప్లై ఇచ్చావా? కెనాట్ లా!" అంది, అలా చేయకూడదని ఇక్కడి పిల్లల యాసలో.

"నోర్మూసుకుని తాగు" అని, జేబులోంచి పెన్ను తీసి ఆ పేరా అడ్డంగా కొట్టేశాడు. పైన ఏదో రాసుకున్నాడు. తిన్న పళ్లెం తీయలేదు. నేనూ తీయలేదు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండేది ఆయన చేసినదానికంటే అంత కమ్మగా తిన్నందుకు.

నాలుగింటికి హాలు నిండింది. సున్-బోక్ పక్కన కూర్చుని వేదిక మీది మాటలు ఇంగ్లీషులో చెప్పడం నా పని. మా ఆయన గొంతు సవరించుకుని చదివాడు. బొగ్గుగని వచ్చింది, ఆరోసారి పరీక్ష వచ్చింది. ఆ తర్వాత "భర్తగారి ప్రోత్సాహంతో, సంపూర్ణ సహకారంతో రాజకీయాల్లో అడుగుపెట్టి..." అనగానే హాలంతా చప్పట్లు.

"చప్పట్లు ఎందుకు కొడుతున్నారు?" అని వంగి అడిగింది సున్-బోక్.

చెప్పాను. లేచి నిలబడుతుందనుకున్నాను. మూడేళ్ల క్రితం టాక్సీ ఎక్కిన మనిషైతే లేచేదే. నవ్వుతూ జనానికి నమస్కారం పెట్టింది.

"మా పార్టీవాళ్లు ఎన్నికల కరపత్రంలోనూ అదే వేశారు తారా, ఆయన ఫోటోతో సహా. మొగుణ్ణి కాదని వచ్చిందంటే పెద్దవాళ్లు ఓటేయరన్నారు. ఊరుకున్నాను."

"గెలిచావు కదా. ఇంకా ఎందుకు ఊరుకోవడం?"

"వచ్చే ఏడు మళ్లీ ఎన్నికలు."

శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. చివర వందన సమర్పణకి నన్ను పిలిచారు. మొదట ప్రార్థన, చివర వందన సమర్పణ, ఈ రెండూ మా సంఘంలో ఆడవాళ్లవి. వింటూ వింటూనే జనం లేవడానికి కుర్చీలు జరుపుకుంటారు.

అధ్యక్షులు మల్లికార్జునరావుగారికి, మైకువాళ్లకి, పులిహోర చేసినవాళ్లకి వరసగా చెప్పాను. ఆపైన, "కార్యదర్శిగారు చదవకుండా వదిలేసిన నాలుగు మాటలున్నాయి" అన్నాను. కుర్చీల చప్పుడు ఆగింది. ఆ పేరా తెలుగులో చెప్పాను. ఆమె వినాలని ఇంగ్లీషులో కూడా చెప్పాను. "ఇట్లాంటి జవాబే నా పేరు మీద కూడా ఒకటి వెళ్లింది. అది నేను రాసింది కాదు. రాసినవారికి నా వందనాలు."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. "అమ్మా, భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నారు మల్లికార్జునరావుగారు.

మెట్ల దగ్గర కృష్ణప్రసాద్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పరువు తీశావు. ఇంటికి పద."

"మీ పరువు ఒక్క పేరాలో ఉందని నాకు తెలీదండీ" అని విడిపించుకున్నాను.

సున్-బోక్ ఎదురొచ్చి, "ఇది మా పేపర్లవాళ్ల చెవిన పడితే నాకు కష్టం తారా" అంది.

"ఆవేళ నీ సూట్‌కేసు చాలా బరువుంది" అన్నాను. ఆమె శాలువా సర్దుకుంటూ తల దించుకుంది.

హాలు పక్కన కార్డుఫోన్ ఉంది. గుంటూరు నెంబరు ఏ పుస్తకంలోనూ చూడక్కర్లేదు. విశ్వనాథంగారే ఎత్తారు.

"రానని రాశావు కదమ్మా!"

"అది నేను రాయలేదండీ. వస్తాను."

"టేబుల్ ఇంకా ఉందిలే. కానీ తారా, తొందరపడకు. మీ ఆయన్ని ఒక్కమాట అడిగి చెప్పమ్మా."

ఫోను విసిరికొట్టాలనిపించింది. సముద్రాలు దాటి ఫోన్ చేస్తే ఈయనా అదే మాట. ఏడేళ్లు నా చేత కేసులు వాదించిన మనిషి!

"ఎవర్నీ అడగనండి. సెలవులయ్యాక కోర్టు తెరిచే రోజు పదిన్నరకి అక్కడుంటాను. టేబుల్ లేకపోతే వరండాలో కూర్చుంటాను" అని పెట్టేశాను.

వెనక్కి తిరిగితే నిఖిల, చేతిలో పులిహోర పళ్లెం.

"ఎవరితో ఫైట్ చేస్తున్నావమ్మా?"

"మా సీనియర్‌తో."

"విన్ అయ్యావా?"

"ఇంకా మొదలే" అని, ఆ పళ్లెం అందుకుని అక్కడే నిలబడి తిన్నాను. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.