ఇద్దరికీ ఒకే పథ్యం

బీరకాయ చివర కొరికి చూస్తే చేదు లేదు, ఇవాళ్టికి అదొక్కటైనా కలిసొచ్చింది అనుకుంటూ మునిలక్ష్మి చెక్కు తీయడం మొదలుపెట్టింది, తీస్తుంటే బొటనవేలి పక్కన పగులు మళ్లీ విచ్చుకుని చురుక్కుమంది, పీచు తగిలిందో నీళ్లు తగిలాయో, ఏది తగిలినా మండే చెయ్యి ఇది, సోరియాసిస్ అని డాక్టరు చెప్పిన రోజు ఆ పేరు పలకడానికే నోరు తిరగలేదు, ఇప్పుడు బస్సులో పక్కనున్న మనిషి అడిగినా ఊరి పేరు చెప్పినట్టు చెప్పేస్తుంది, ఒకరి నుంచి ఒకరికి రాదండీ అని ఆ రెండో మాట కూడా కలిపి చెప్పేస్తుంది, అయినా వాళ్లు కాస్త జరిగే కూర్చుంటారు, పోనీ, సీటు వెడల్పవుతుంది, పెసరపప్పు నానబెట్టే ఉంది కాబట్టి కుక్కరు నాలుగు కూతలు కూస్తే చాలు, కింద పప్పులో బీరకాయ ముక్కలు, గుప్పెడు మునగాకు, పసుపు, చితక్కొట్టిన అల్లం, మిరియాలు, పైగిన్నెలో బియ్యం, అంతా ఒక్క మంట మీద అయిపోవాలి, ఆలస్యమైతే తిరుచానూరులో తన ఎస్టీడీ బూత్ ముందు లాడ్జీల్లో దిగిన యాత్రికులు అప్పుడే వచ్చి నిలబడి ఉంటారు.

చింతపండు పడదు, వంకాయ పడదు, ఎండుచేప ముక్క నోట్లో పెట్టుకుంటే తెల్లారేసరికి మోచేతులు ఎర్రబడి పొట్టు రాలుతుంది, ఇంకొకరికి ఎలాగో తెలియదు, తన ఒంటికి మాత్రం అంతే, ఒక్కొక్కటీ మానేసి చూసి తెలుసుకుంది, ఇన్ని మానేసినా జబ్బు పోదు, కాస్త నెమ్మదిస్తుంది, ఆ నెమ్మది కోసం రోజూ రెండు వంటలు, కరెంటు ఆఫీసులో పనిచేసే భర్త రాజారత్నానికీ కాలేజీకి పోయే కూతురు మహితకూ చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి లేకపోతే ముద్ద దిగదు, వాళ్ల కోసం పొద్దున్నే నూరిన మిరపకాయల మంట ఇంకా అరచేతుల్లోనే ఉంది, వాళ్లు తిని వెళ్లిపోయారు, ఇంట్లో ఇప్పుడు తనూ అత్తా, కూత ఇంకా రాలేదేమిటి, వెయిట్ సరిగ్గా పెట్టిందా, పెట్టింది, పెట్టింది.

వరండాలో చప్పుడు లేదు, మామూలుగా అయితే ఈ వేళకు అత్త దేవకమ్మ కిరోసిన్ స్టవ్వుకు పంపు కొట్టే చప్పుడు వినబడాలి, పోయిన వానాకాలం నుంచీ ఆమె వంట ఆమెదే, మీ కారాలు నాకు పడవు, నా పాటికి నేను వండుకుంటా అంది, కారం లేని తన పథ్యం పక్కనే ఉందని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు, మొన్న అత్త కొళాయి దగ్గర పాచి మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది, రాజారత్నం పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించుకొచ్చాడు, వెదురు బద్దలు, గుడ్డ, పసరు వాసన, గుడ్డుసొన వాసన, ఇల్లంతా అదే, నిన్న కొడుకు హోటలు నుంచి తెచ్చిన ఇడ్లీలు ఎడమచేత్తో చిదుపుకుని సగం కింద పోసుకుంది, రెండు అరటిపళ్లు తిని పడుకుంది, ఆకలితోనే పడుకుంది, ఆ సంగతి గోడకు ఇటువైపు పడుకున్న తనకు తెలుసు, తెలిసి లేవలేదు, లేచి ఏం పెట్టాలి, పెడితే తింటుందా, ఆ కాదనే మాట చెవిన పడకుండా ఒక రోజు గడిచినా చాలనిపించింది, కూత వచ్చింది, ఒకటి.

కట్టు కట్టినాయన పులుపొద్దన్నాడంట, వంకాయ కూడా వద్దన్నాడంట, వెళ్తూ వెళ్తూ రాజారత్నం గడపలో చెప్పులేసుకుంటూ చెప్పాడు, నీ కూడే అమ్మకూ పెట్టు మునీ, అని తల వంచుకునే చెప్పాడు, ఎంత సులువుగా చెప్పాడు, పెట్టేది తను కదా, కాదనిపించుకునేది తను కదా, అయినా వరండాలోకి వెళ్లి అడిగింది, తింటావా అత్తా అని, దేవకమ్మ వీధి వైపు చూస్తూ, తెచ్చి పెట్టు పో, అంది, అంతే, కోపం లేదు, ప్రేమా లేదు, విజయంలాంటిదేదో కలుగుతుందని ఇన్నాళ్లూ అనుకుంది, ఏమీ కలగలేదు, కాళ్లు పీకుతున్నాయి, కూర్చోవాలని ఉంది.

కంచంలో అన్నం, దాని మీద పొగలు కక్కే పప్పు, చెంచాతో కలిపింది, కంచం అంచుకు తన వేలు తగలకుండా కింద గుడ్డ పట్టుకుని కలిపింది, దేవకమ్మ ఒక చెంచా నోట్లో పెట్టించుకుని నమిలి, నమిలి, మింగి, చెంచాతో కలిపితే అన్నం అన్నంగానే ఉండాది, పప్పు పప్పుగానే ఉండాది, చేత్తో పిసుకు, అంది. మునిలక్ష్మికి వెంటనే అర్థం కాలేదు, అర్థమయ్యాక, నా చెయ్యి అత్తా, అంది, చెయ్యి చూపించింది కూడా, పొలుసులు లేచిన వేళ్లు, తెరుచుకున్న పగులు. సూస్తానే ఉండా, నాకేం కండ్లు పోలేదు, అంది దేవకమ్మ, భయం లేదంటే అబద్ధం, ఇప్పుడూ భయంగానే ఉండాది, ఆకలి గూడా అయితా ఉండాది, నువ్వు పిసుకు, అంది.

చెయ్యి కడుక్కుని వచ్చింది, తనూ చెంచాతోనే తింటోంది ఇన్నాళ్లూ, పప్పన్నం వేడి అరచేతికి ఇంత దగ్గరగా తగిలి ఎన్నాళ్లయిందో, పగులు మండింది, మండుతూనే పిసికింది, ముద్ద చేసి అందించింది, అత్త నోరు తెరిచింది, పెదవులు ఒక్క క్షణం బిగుసుకుని మళ్లీ విడడం మునిలక్ష్మి చూసింది, చూడనట్టు ఇంకో ముద్ద చేసింది, మిరియం ఘాటుగా ఉండాది, అయినా బాగుండాది, అంటోంది అత్త, బూత్ దగ్గర జనం వచ్చేసి ఉంటారు, రానీ, మహిత తలకు నూనె పెట్టడం ఎప్పుడు మానేసింది తను, ఆ పిల్ల వద్దనలేదే, దువ్వెన దాని చేతికిచ్చి నువ్వే దువ్వుకో అన్నది తనే, చిల్లర చేతికివ్వబోయిన యాత్రికులతో కూడా బల్ల మీద పెట్టండి అని మొదట అన్నది తనే, ఆ కిరోసిన్ స్టవ్వు, ఆ స్టవ్వును వరండాలోకి మోసుకొచ్చి, అగ్గిపెట్టె పక్కన పెట్టి, ఇదిగో అత్తా అన్నది ఎవరు, ఆమె నా వంట నేను చేసుకుంటా అన్న సాయంత్రమే, ఎందుకని ఒక్క మాట అడగకుండా, అడిగితే ఏం చెబుతుందోనని, అత్త భయపడిన మాట నిజం, జనం జరిగి కూర్చునే మాట నిజం, అది తన కల్పన కాదు, కానీ వాళ్ల భయం ఎంతుందో, ఎంతవరకు ఉందో తను ఏనాడూ చూడలేదు, అది మొదలయ్యే చోటికి చాలా ముందే తను ఆగిపోయేది, ఈ చేతికి అందరికంటే ఎక్కువ భయపడింది తనే.