నాలుగో వరస దాకా

తూర్పుగుంటపాలెం హైస్కూల్లో పంతుళ్ల గొంతు నాలుగో వరస దాకానే వెళ్తుంది. అక్కడ ఆగి, పత్తి నూగులా నేలమీద రాలిపోతుంది. అదేమిటని ఎవరూ అడగరు, బడి కట్టిన రోజు నుంచీ అంతే. అయిదో వరస నుంచి కూర్చునేది పొద్దున్నే కలుపుకో కోతకో వెళ్లి, బెల్లు కొట్టాక పరిగెత్తుకొచ్చే పిల్లలు. సాయంత్రం గది ఊడ్చేదీ వాళ్లే. రాలిన పాఠాన్ని చేటకెత్తి బడి వెనక గుంటలో పోస్తారు. ప్రతి శనివారం అటెండరు బుడాన్ ఆ గుంటకి నిప్పు పెడతాడు.

సైన్సు టీచరు దేవకుమారి ఒకప్పుడు ఇదే బడిలో ఆరో వరస పిల్ల. అందుకే ఉద్యోగంలో చేరిన కొత్తలో వరసలు తిప్పింది. మూడోరోజుకే ముందు వరస పిల్లల తండ్రులు బడిమీదికొచ్చారు.

"పుస్తకాలు అందరికీ ఒకటే ఇస్తున్నాం కదమ్మా, ఇంకేం సమానం కావాలి?" అన్నాడు సోషల్ మాస్టారు జక్రయ్య.

"గొంతు పెరిగేది కాదు దేవకుమారి గారూ. వెనక్కి తోస్తే ముందు తరుగుతుంది. రిజల్ట్స్ పడిపోతే మీరు సమాధానం చెప్తారా?" అన్నాడు హెడ్మాస్టర్ లక్ష్మీకాంత్.

ఒళ్లు మండిపోయినా, నలుగురితో నారాయణా అనుకుని వరసలు ఎప్పటిలా పెట్టించేసింది. ఆ సిగ్గు మాత్రం ఆమెను వదల్లేదు.

రెండువేల ఒకటిలో పచ్చపురుగు పత్తిని నమిలేస్తోంది. ఊరంతా మందు వాసనే. ఓ గురువారం ఆమె ఖాళీ మందుడబ్బా క్లాసుకు తెచ్చింది. "ఈ ఎర్రగుర్తు చూశారా? అన్నిటికన్నా పెద్ద విషం. చేత్తో కలపొద్దు!" అని భయపెట్టి మరీ చెప్పింది. చివరి వరసలో హేమశ్రీ ఆమె పెదాలకేసి, డబ్బాకేసి మార్చి మార్చి చూసింది.

బెల్లయ్యాక గుమ్మం దగ్గర ఆపింది. "టీచర్, ఇవాళేం చెప్పారండీ?"

బయట చీరాల బస్సు హారన్ కొడుతోంది. "రేపు చెప్తాలేమ్మా."

మర్నాడు హేమశ్రీ రాలేదు. పక్కన కూర్చునే శ్రీరమ్యా రాలేదు. శనివారమూ రెండు చోట్లూ ఖాళీయే. ఒంటిపూట బడి వదలగానే దేవకుమారి హేమశ్రీ ఇంటికి వెళ్లింది.

పిల్ల గుమ్మంలోనే ఉంది. తండ్రి చెంచయ్య లోపల మంచమ్మీద నిద్రపోతున్నాడు.

"అట్లాంటి డబ్బానే మా ఇంట్లోనూ ఉందండి. అందుకని ఊడ్చింది గుంటలో పోయలా, ఓణీకొంగున మూటగట్టి తెచ్చా. నిన్న చేలో నాన్న మందులో చెయ్యి పెట్టబోతుంటే విప్పా. 'చేత్తో కలపొద్దు' అని మీ గొంతే అరిచిందండి. నాన్న ఠక్కున చెయ్యి తీసేశాడు."

దేవకుమారికి ఏడుపొచ్చింది. "మరి ఇవాళ రాలేదేమే?"

"పక్కచేలో పానకాలు బాబాయి, శ్రీరమ్య వాళ్ల నాన్నండి. మీ మాట ఒక్కసారే పలికింది. నేను పోయి చెబితే, పిల్లదానివి నీకేం తెలుసే అన్నాడు. చేత్తోనే కలిపి పొద్దుగూకులూ కొట్టి పడిపోయాడు. గుంటూరు తీసుకెళ్లారు, ఇంకా తేలేదు. వాళ్ల చిన్నపిల్లల్ని నేనే చూస్తున్నా." హేమశ్రీ తల దించుకుంది. "ఇన్నాళ్లూ మిగతా పాఠాలన్నీ గుంటలోనే పోశానండి. తప్పయిందండి."

గుంటకి నిప్పు పెట్టే శనివారమని అప్పుడు గుర్తొచ్చింది దేవకుమారికి. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. బడి వైపు అప్పటికే పొగ లేచింది. అది పత్తిచేల మీద పరుచుకుంటూ, ఆ వారమంతా చెప్పిన పాఠాలన్నీ ఆమె గొంతుతోనే చెబుతోంది. చేలల్లో మగాళ్లు స్ప్రేయర్లు వీపున వేసుకుని మందు కొడుతున్నారు. ఆ మోతలో ఎవరికీ ఏమీ వినపడలేదు.