తెర మీద చివర కనిపించినవాడు

మా ఊరి కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు శనివారం గెలిస్తే సోమవారం చర్చి భోజనాలకు సగం బల్లలు ఖాళీగా ఉంటాయి. ఓడితే కూర్చోవడానికి చోటు దొరకదు. గెలుపు గురించి మాట్లాడటానికి ఏముంటుంది? ఓటమి గురించైతే నెబ్రాస్కాలో పాలుతాగే పిల్లాడికి కూడా ఒక అభిప్రాయం ఉంటుంది.

ఆ సోమవారం చర్చి కింది గదిలో జనం గోడలకు ఆనుకుని నిలబడి తింటున్నారు. మాంసం, చిక్కుడు గింజలు వేసిన కారం పులుసు, పక్కన దాల్చినచెక్క రొట్టె. అమ్మ వడ్డిస్తోంది. నేను పెద్ద కాఫీ డబ్బా వెనక నిలబడ్డాను. అక్కడ నిలబడిన మనిషిని ఎవరూ పలకరించరు. కప్పు చాపి, కాఫీ పోయించుకుని వెళ్ళిపోతారు. అందుకే ఆ చోటంటే నాకిష్టం.

మా అన్న వేడ్ వాండ్రా ఆ జట్టులో సేఫ్టీ. అందరికన్నా వెనక నిలబడి, ముందున్నవాళ్ళని దాటుకుని బంతితో వచ్చినవాణ్ణి పడగొట్టడం వాడి పని. వాడికిది ఆఖరి ఏడాది, వచ్చే శనివారం సొంత మైదానంలో ఆఖరి ఆట. భోజనాలయ్యాక కోచ్ రోలీ ప్రోహాస్కా ఆ ఆటకి మొదట దిగేవాళ్ళ పేర్లు చదువుతాడు. తన పేరు ఉంటుందో లేదో అని వేడ్ పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. నాన్న మొక్కజొన్న కోత సగంలో ఆపి, దుమ్ము చొక్కాతోనే వచ్చి వాడి పక్కన కూర్చున్నాడు.

దీపాలు తగ్గించి, గోడ మీద శనివారం ఆట వీడియో వేశారు. మా డిఫెన్స్, అంటే అవతలివాళ్ళని ఆపే దళం, ఎలా ఆడిందో ఊరంతా కలిసి తేల్చడం ఇక్కడి ఆనవాయితీ. ముందు బల్ల దగ్గర ట్రాక్టర్ల షాపు ఓల్రిక్ గారు. మైదానానికి దీపాలు పెట్టించింది ఆయనే. ఆయన కొడుకు ట్రెంట్ అదే డిఫెన్స్‌లో అంచున కాపలా కాస్తాడు.

అవతలి జట్టువాడు బంతి పట్టుకుని గీత దాటాడు. టచ్‌డౌన్, వాళ్ళకి ఆరు పాయింట్లు. వాడి వెనక నేల మీద బోర్లా పడి ఉన్నది మా వేడ్.

"అదుగో, వాండ్రా కుర్రాడు! బస్సు తప్పిపోయినవాడిలా ఎలా పరిగెత్తుకొస్తున్నాడో చూడండి!" అన్నారు ఓల్రిక్ గారు.

"బస్సెక్కడిదండీ, వాళ్ళ నాన్న మొక్కజొన్న లారీ మీద వచ్చుంటాడు. అందుకే ఆలస్యం," అన్నాడు మంగలి లడ్విగ్.

గది గదంతా నవ్వింది. రెండో టచ్‌డౌన్‌కీ చివర కనిపించింది వేడే. మూడోదానికీ వాడే.

"అక్కడ మా అమ్మమ్మని నిలబెట్టినా ఆ పాటి పట్టుకునేది, కోచ్! ఆవిడకి తుంటి ఎముక కొత్తది వేశారు కూడాను!" అన్నాడు మళ్ళీ లడ్విగ్.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను ఆటలు జనంతో కలిసి మెట్ల మీద కూర్చుని చూడను. గోలుస్తంభాల వెనక మా లారీ ఆపుకుని, దాని తొట్టిలో కూర్చుని చూస్తాను. అక్కడినుంచి ఎవరు ఎవరిని కాయాలో, ఎవరు వదిలేశారో అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. బంతితో గీత దాటిన ఆ ముగ్గురూ ట్రెంట్ కాయాల్సిన మనుషులు. బంతి తనే అందుకుని పేరు కొట్టేద్దామని ట్రెంట్ ఆకాశం వైపు చూస్తుంటే వాళ్ళు వాడి పక్కనుంచే పోయారు. మైదానం రెండో కొస నుంచి వేడ్ పరిగెత్తుకొచ్చాడు, తన మనిషి కాకపోయినా. గోడ మీద వేసిన వీడియో పక్కనుంచి తీసింది. అది బంతి వెంటే పోతుంది. వదిలేసినవాడు అందులో ఉండడు, పట్టుకోబోయినవాడే ఉంటాడు.

ఈ సంగతి కోచ్‌కి తెలీదా? స్తంభాల వెనకనుంచి తీసిన వీడియో కూడా ఆయన దగ్గర ఉంది. ఆదివారం ఆటగాళ్ళకి అదే చూపించి వేడ్ భుజం తట్టాడట. ఇప్పుడు మాత్రం కప్పు అంచు గోకుతూ కూర్చున్నాడు.

"మీ పనిలో నేను వేలు పెట్టను గానీ కోచ్, శనివారం ఆ వెనక చోటులో కాళ్ళున్నవాణ్ణి ఎవరినైనా పెట్టండి," అన్నారు ఓల్రిక్ గారు.

"ఆలోచిస్తున్నానండి," అన్నాడు కోచ్.

ఆలోచిస్తున్నాడట! వేడ్ తలొంచుకుని రొట్టె ముక్కలు ముక్కలు చేస్తున్నాడు.

"ఇంకో వీడియో వెయ్యండి," అన్నాను. కాఫీ డబ్బా బుసలో నా మాట నాకే వినిపించలేదు. మళ్ళీ అన్నాను. ఈసారి గొంతు కీచుమంది, తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఎవరూ, వాండ్రా వాళ్ళ నెల్లానా? ఈ పిల్లకి మాటలొచ్చా?" అందొక పెద్దావిడ.

"అది ఆటగాళ్ళ గదిలో చూసుకునేదమ్మా," అన్నాడు కోచ్.

"మరి ఇదెందుకు అందరి ముందూ వేశారు? సగం చూపించి మా అన్నని తిట్టించడానికా?"

"నెల్లా, నోర్ముయ్," అన్నాడు వేడ్ పళ్ళ బిగువున.

నాన్న చెంచా కింద పెట్టాడు. "వేసెయ్ రోలీ. పులుసు చల్లారిపోతోంది."

కోచ్ ఇంకేం చేస్తాడు? వేశాడు. గోడ మీద మైదానమంతా నిలువునా పరుచుకుంది. ట్రెంట్ మొహం ఆకాశంలోకి ఉంది, వాడి మనిషి వాణ్ణి దాటిపోయాడు, అవతలి కొస నుంచి వేడ్ బాణంలా వస్తున్నాడు. రెండోసారీ అంతే. మూడోసారికి చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది.

"సరేలెండి, మావాడు కాస్త తడబడ్డాడు," అన్నారు ఓల్రిక్ గారు. "కానీ వెనకున్నవాడు కేకేసి చెప్పాలా వద్దా? చెప్పకపోతే వీడికెలా తెలుస్తుంది?"

నాకు ఏడుపొచ్చింది. దానికీ వేడ్‌దే తప్పు!

"కేకేశాడు నాన్నా," అన్నాడు ట్రెంట్. చెవులు ఎర్రగా ఉన్నాయి. "నాకు వినిపించింది. బంతి నాకే వస్తుందనుకున్నా."

కోచ్ గొంతు సవరించుకుని పేర్లు చదివాడు. సేఫ్టీ, వేడ్ వాండ్రా. అంచున, ట్రెంట్ ఓల్రిక్. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇందాక మనం పొరబడ్డామని ఒక్కమాట, ఒక్కటంటే ఒక్కటి, ఆయన నోట రాలేదు. జనం మళ్ళీ తినడం మొదలెట్టారు. లడ్విగ్ కప్పు పట్టుకుని నా దగ్గరకొచ్చి, "మీ అన్నవి మంచి కాళ్ళు. నేనెప్పుడూ అంటూనే ఉన్నా," అన్నాడు.

"మీ అమ్మమ్మ కాళ్ళకన్నానా?" అన్నాను.

ఆయన దాన్ని కూడా సరదాగా తీసుకుని నవ్వుకుంటూ పోయాడు. అది చూసి ఇంకా మండింది.

ఇంటికి వెళ్తుంటే లారీలో వేడ్ నా మీద విరుచుకుపడ్డాడు. "నిన్నెవరడిగారు? డిఫెన్స్‌లో ఒకడి తప్పు అందరిదీ. బయట ఎవర్నీ వేలెత్తి చూపించం. రేపు ట్రెంట్ మొహం నేనెలా చూడాలి?"

"అందరి తప్పూ అయితే అందర్నీ చూసి నవ్వాలిగా? నిన్నొక్కణ్ణే చూసి ఎందుకు నవ్వారు?"

"పడతాం. అదీ ఆటలో భాగమే."

"నువ్వు పడు. నేను పడను."

"పిల్లదాన్ని అలా కసురుతావేంట్రా? నీ పేరు చదివారుగా," అంది అమ్మ.

"దీనివల్ల చదివారని ఊరంతా అనుకుంటుందమ్మా!"

నిజమే, నావల్లే చదివారు. వాడి చోటు వాడిదే అయినా నేను అరిస్తే గానీ ఇవ్వలేదు. సిగ్గుపడాల్సింది వాడూ కాదు, నేనూ కాదు.

"ఇంకెప్పుడూ అలా చెయ్యకు," అన్నాడు వేడ్ కిటికీలోంచి బయటికి చూస్తూ.

"చేస్తాను," అన్నాను.

నాన్న గేరు మార్చాడు.