అత్తగారి చిటికెన వేలు

కృత్రిమ చేతులు చేయడంలో నన్ను మించినవాడు లేడని నేనే చెప్పుకోవాలి. మా ఇంట్లో ఎవరూ చెప్పరు, ముఖ్యంగా మా అత్తగారు.

ఆవిడ దర్జీ. ప్రమాదంలో ఎడమ చేయి మణికట్టు దాకా పోయింది. నాలుగు నెలలుగా కుట్టుమిషన్ మీద కప్పిన దుప్పటి తియ్యలేదు. నేను నెల రోజులు కూర్చుని, వేళ్లలో తీగలు పెట్టి, ఒంటి రంగు కలిపి, గోళ్లతో సహా దిద్ది రబ్బరు చెయ్యి చేసిస్తే, ఒక్క చూపు చూసి బీరువాలో పెట్టించింది.

"ఎవరిదో చెయ్యి నన్ను తగిలించుకోమంటారా అల్లుడుగారూ?"

నాకు ఒళ్లు మండింది. కానీ మా ఆవిడ, "అమ్మ మళ్లీ కుట్టకపోతే మనకు దక్కదండీ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కోపం దిగమింగాను.

నిజానికి మెదడంత అమాయకురాలు లేదు. కంటికి కనిపించిందీ, చర్మానికి తెలిసిందీ ఒకేసారి జరిగితే చాలు, 'ఇది నాదే' అనేస్తుంది. ఆ లెక్క తప్పితే కాదనీ అనేస్తుంది. దాని మాట నమ్మి మనం 'నేను, నేను' అంటూ ఊరేగుతాం.

మర్నాడు ఆవిడను బతిమాలి కూర్చోబెట్టాను. బల్ల మీద అట్టముక్క అడ్డం నిలబెట్టి, ఆవిడ మొండిచేతిని దాని వెనక దాచాను. బీరువాలోంచి తీసిన రబ్బరు చెయ్యి ఆవిడ కళ్లెదుట పెట్టాను. రెండు కుంచెలు తీసుకుని మొండిచేతినీ, రబ్బరు చేతినీ ఒకేసారి, ఒకే తీరుగా నిమరసాగాను.

"ఇదేం పిల్లాటండీ!" అంది. అయిదు నిమిషాలకు మాటలు తగ్గాయి. పది నిమిషాలకు పూర్తిగా ఆగాయి. నా పెళ్లయ్యాక ఆవిడ నోరు ఆగడం అదే మొదలు.

అప్పుడే మా ఆవిడ కాఫీ తెచ్చి పెట్టింది. నా మోచెయ్యి తగిలి కప్పు ఒలికింది, సరిగ్గా రబ్బరు చేతి మీద.

"అమ్మో, నా చెయ్యి!"

మొండిచేతిని గబుక్కున ఒడిలోకి లాక్కుంది. అన్న మాట తనకే వినబడి, రబ్బరు చేతి వైపు వంగి చూసింది. తర్వాత గుడ్డ తీసుకుని, రబ్బరు వేళ్లు ఒక్కొక్కటీ తుడుస్తూ చిటికెన వేలు దగ్గర ఆగింది.

"ఇదేంటి, ఇంత తిన్నగా ఉంది?"

"అందంగా ఉంటుందని..."

"నలభై ఏళ్లు గుడ్డ అదిమిన వేలండీ. నాది లోపలికి వంగి ఉంటుంది. ఇలా ఉంటే అంచు ఎలా అదిమిపెట్టను?"

నాకు సిగ్గేసింది. చూడచక్కని చెయ్యి చేశాను గాని, ఆవిడ చెయ్యి చేయలేదు. చీవాట్లు తింటున్నా సంతోషమే వేసింది.

"రేపటికి వంచేస్తాను అత్తయ్యా."

"రేపెందుకు? లోపల తీగే కదా, ఇప్పుడే వంచండి" అంటూ వెళ్లి మిషన్ మీద దుప్పటి లాగేసింది.