నిలువు తప్పిన ఇల్లు

గురప్ప మేస్త్రీ కట్టిన గోడకు నిలువు చూసే గుండు వేలాడదీస్తే దారం వెంట్రుకవాసి కూడా తప్పదని చిత్తూరంతా చెప్పుకునేది. ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే. విడ్డూరమేమిటంటే, ఆయన సొంత ఇంట్లోనే, వాళ్ళ నాయన కట్టిన పడమటి గోడ పొట్ట ముందుకు తోసుకుని నిలబడి ఉండేది. ఈ ఎండాకాలం పడగొట్టి తీరతానని ఏటా అనేవాడు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది, ఊళ్ళో మిషన్ బడి నడిపే దొరసాని ఆయన చేతిలో ఒక ఫోటో పెట్టింది. ఇంగ్లండు పల్లెలో ఆమె పుట్టిన రాతి ఇల్లు అది. బాంబు పడి నేలమట్టమైందట.

"ఈడ నాకు ఉన్నదున్నట్టు కట్టు గురప్పా," అని చెప్పి, కాలి వైద్యానికి వేలూరు వెళ్ళిపోయింది.

ఫోటో చూసేకొద్దీ గురప్పకు మతి పోయింది. రాతిపలకల కప్పు నడుమ కుంగి ఉంది. ముందుగోడ ఉబ్బి ఉంది. తలుపు మీది దూలం ఒక పక్కకు ఒరిగింది. దొరలు ఇలాగే కట్టుకుంటారు కాబోలనుకుని, గుండూ దారమూ సంచిలో పడేశాడు. నేర్చిన చేత్తో వంకరగా కట్టడం ఎంత నరకమో ఆయనకే తెలుసు.

దారిన పోయేవాళ్ళు ఆగి మరీ నవ్వారు. బావమరిది తిరుమలయ్య ఊరుకుంటాడా! "కండ్లు పోయినాయా ఏంది బావా? ఈ గోడ సూసినాక నీకింక పని ఎవురిస్తారు?"

మర్నాడు గురప్ప తల వంచుకుని ఆ వంకర గోడే కట్టుకుపోయాడు.

ఇల్లు కట్టిన మేస్త్రీకి నలుగురి ముందూ కొత్త పంచె పెట్టడం ఆనవాయితీ. ఇల్లు పూర్తయి పంచె పెట్టే రోజున దొరసాని వేలూరు నుంచి వచ్చి, ఇల్లు చూసి నిలబడిపోయింది.

"అయ్యో గురప్పా! అది మున్నూరేండ్ల ఇల్లు. వయసుకి ఒరిగిపోయింది. కట్టినప్పుడు నిటారుగానే ఉండింటాది."

గురప్పకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. "పడగొట్టి మళ్ళా కడతానమ్మా."

ఆమె దగ్గరికి నడిచి గోడ ఉబ్బు మీద అరచెయ్యి పెట్టింది. "మా నాయన సాయంత్రం పూట ఈడనే ఆనుకోని నిలబడేవాడు," అన్నది. ఆమె కళ్ళు నిండాయి. పంచె గురప్ప భుజాన కప్పి, జనం వైపు తిరిగింది.

"నాకు గుర్తుండే ఇల్లు ఇదే. గురప్ప ఎట్లుండేదో అట్లే కట్టినాడు. ఒక్క రాయి కూడా కదిలించనీను."

తిరుమలయ్య నవ్వు మానేసి నేల చూపులు చూశాడు.

ఎండాకాలం వచ్చింది. గురప్ప గడ్డపార తీసుకుని తన ఇంటి పడమటి గోడ దగ్గరికి వెళ్ళాడు. ఎంతసేపటికీ దెబ్బ చప్పుడు వినపడకపోతే భార్య చెంగమ్మ వచ్చి చూసింది. ఆయన ఉబ్బు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఉండనీలే చెంగమ్మా," అన్నాడు. "మా నాయన కట్టినప్పుడు నిటారుగానే ఉండింటాది."