అంజవ్వ పేరు మీద మందులు

బిందె సగం నిండేసరికి ఏడుపు మొదలవుతుంది. నల్లా ధార ఇత్తడి అడుగున కొడుతున్నంతసేపు ఏమీ ఉండదు. నీళ్ళు పైకి వచ్చి చప్పుడు సన్నబడగానే వినిపిస్తుంది, పద్దెనిమిది రోజుల పిల్ల ఆకలికి ఏడ్చే ఏడుపు. నా రొమ్ములు బిగుసుకుంటాయి. పిల్ల పోయి ఏడు నెలలైనా నా ఒంటికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నల్లా కట్టేసి అట్లాగే నిలబడిపోతాను. "నీళ్ళకు పోయినవా, నిద్రకు పోయినవా?" అని లోపలి నుంచి మా అత్తయ్య కౌసల్యమ్మ కేకేస్తుంది.

"పేరన్న పెట్టని పిల్ల. దానికి ఇంత ఏడ్పా?" అనేది ఆమె. మాకు ఇరవై ఒకటో రోజున పేరు పెడతారు. పిల్ల మూడు రోజుల ముందే పోయింది. ఇంట్లో దాని మాట ఎత్తాలన్నా ఏ పేరుతో ఎత్తాలి?

నిద్ర లేక నేను కూరలో రెండుసార్లు ఉప్పేయడం మొదలుపెట్టాక బజారులో దుకాణం నడిపే మా ఆయన కాశీనాథానికి నా బాధ అర్థమైంది. పట్నం నుంచి ప్రతి గురువారం ఒక మనసు డాక్టరమ్మ సిద్దిపేటకు వస్తుందని, బస్టాండు దగ్గర మందుల దుకాణం వెనకగదిలో కూర్చుంటుందని ఎవరో చెప్పారట. నేను చీర మార్చుకునేలోపే ఆయన చెప్పులేసుకున్నారు. "నువ్వెందుకు? మందుల దుకాణం ముంగట బెంచి మీద నిన్ను చూస్తే మన దుకాణానికొచ్చే మందికి నేనేం చెప్పాలె? నీకేమైతుందో నేను చెప్పొస్త."

నాకేమవుతుందో ఆయన నన్ను ఎన్నడూ అడగలేదు. ఏం చెప్పారో మరి, మాత్రలు వచ్చాయి. మూడు నెలలు మింగాను. నిద్ర వచ్చింది. ఏడుపు నిద్రలోకి కూడా వచ్చింది.

నిన్న ఆయన చొక్కా ఉతకబోతూ జేబు తడిమితే డాక్టరమ్మ చీటీ దొరికింది. పదో తరగతి దాకా చదివినదాన్ని, ఇంగ్లీషు కూడబలుక్కోగలను. పేరు, అంజవ్వ. వయసు, ఇరవై నాలుగు. అడుగున గీత గీసి మరీ రాసింది, మనిషిని తీసుకురండి అని.

వయసు నాదే. అంజవ్వ మాత్రం మా ఇంట్లో గిన్నెలు తోమే మనిషి, నలభై దాటింది. సంగతి చెబితే బూడిద చేతుల్లోని గిన్నె కింద పెట్టింది.

"ఎంగిలి గిన్నెలు మాకే, పిచ్చి గూడ మాకేనా అమ్మా?"

సిగ్గుతో నా తల వంగిపోయింది. గిన్నె మళ్ళీ అందుకుంటూ ఆమే అంది. "రేపు గురువారమే గద. నా పేరు నాకు ఇప్పియ్యిండ్రి. గిన్నెలు కడిగినంక నేను గూడ వస్త."

ఈ రోజు ఇద్దరం వెళ్ళి ఆ బెంచి మీదే కూర్చున్నాం. దుకాణాల వాళ్ళు చూశారు, చూడనీ. కాంపౌండరు చీటీ తీసుకుని "అంజవ్వ ఎవరు?" అన్నాడు.

"నేనే. నాకేం రోగం లేదు" అంది అంజవ్వ.

"రోగం నాది. జ్ఞానేశ్వరి అని రాయండి" అన్నాను, బెంచి మొత్తానికి వినిపించేలా.

డాక్టరమ్మ నేను చెప్పిందంతా విని కలం పక్కన పెట్టింది. "పాప పేరేంటమ్మా?"

పెట్టలేదని చెప్పబోయాను. అబద్ధం ఎందుకు, కడుపుతో ఉన్నప్పుడే అనుకున్న పేరు ఒకటుంది.

"స్వరూప" అన్నాను. గదిలో ఏడుపు వినిపించింది. ఈసారి అది నాదే.

ఇంటికొచ్చి నల్లా తిప్పాను. బిందె సగం నిండగానే పిల్ల ఏడ్చింది. ఇంకెంతసేపని అత్తయ్య కేకేసింది.

"ఆగుండ్రి అత్తయ్యా. స్వరూప ఏడుస్తుంది" అన్నాను.