తెడ్డుకు కట్టిన తుండు

గంగరాజు ఆ రోజు ఒడ్డున చెప్పింది ఒక్క ముక్క. నేవీ ఓడ కనిపించింది. అందులో అబద్ధమేమీ లేదు. తూర్పున, కంటికి ఆనీ ఆననంత దూరంలో, బూడిదరంగు యుద్ధనౌక ఒకటి విశాఖ వైపు పోతూ కనిపించిన మాట నిజమే. కాకపోతే ఊరివాళ్ళు ఆ ముక్కను పట్టుకుని, నెల తిరక్కుండా గోరంతను కొండంత చేశారు.

శ్రీకూర్మానికి ఆవల, ఇసుక దిబ్బల వెనకున్న పల్లె అది. గంగరాజు బావ ధనరాజు, అంటే సొంత చెల్లెలు భారతి మొగుడు, వేటకెళ్ళి తిరిగి రాలేదు. నాలుగో రోజున అతని తెప్ప ముక్క ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఇక చూడండి. యుద్ధనౌకే గుద్దేసిందన్నారు. గుద్దిన చోట ఎవరికీ తెలియకుండా రంగేసేశారన్నారు. పైవాళ్ళు కాగితాలు చింపేశారన్నారు. ఓడలో వంట చేసేవాడి బావమరిది నరసన్నపేట బట్టల కొట్లో ఈ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడట. ఆ బావమరిదిని చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. సాలూరు లారీలెక్కి ఆ కబురు ఘాట్ రోడ్డు దాటి ఒడిశా కూడా వెళ్ళిపోయింది. లోకం మూతికి మూకుడుందా?

ఎవరైనా "దాసేసినార్రా" అన్నప్పుడల్లా గంగరాజు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. దాచినవాడు ఒకడున్నాడని, వాడు ఏ ఓడలోనూ లేడని అతనికొక్కడికే తెలుసు.

ఆ పల్లెలో ఒంటి మనిషి ఇంజిను తెప్పలు రెండేసి జోడుగా వేటకెళ్తాయి. ఒకడికి ఆపద వస్తే తెడ్డుకు తుండుగుడ్డ కట్టి పైకెత్తుతాడు. అది చూసిన రెండోవాడు వల లాక్కుంటూ కూర్చోకూడదు. తాడు కోసేసి వెళ్ళాలి. పగవాడి తుండైనా సరే. కోసుకున్న వలకు బదులు ఊరంతా కూర్చుని కొత్త వల అల్లి ఇస్తుంది. మొలలో కత్తి ఉండేది చేపల కోసం కాదురా, జోడు మనిషి కోసం అని తాతలు చిన్నప్పుడే చెవిలో పోస్తారు.

ఆ ఉదయం గంగరాజు వలలో కోనాం చేపల గుంపు పడింది. నెల్లాళ్ళుగా ఉత్త చేతులతో ఒడ్డెక్కుతున్న మనిషి. బరువుకు తెప్ప ఒక పక్కకు ఒరిగిపోతుంటే ఒళ్ళు తెలియని సంతోషంతో లాగుతున్నాడు. అప్పుడే దక్షిణాన, జోడుగా వచ్చిన బావ తెప్ప మీద ఎర్ర తుండు లేచింది. అతని చెయ్యి కత్తి మీదకు వెళ్ళింది కూడా. 'ఇంజినాగిపోయుంటాది, బావకిది కొత్తేటి? ఇంకో పది బారలు లాగేసి ఎల్తాను' అనుకున్నాడు. పది బారలు ఇరవయ్యాయి, ఇరవై నలభయ్యాయి. వల మొత్తం తెప్పలోకి వచ్చాక తలెత్తి చూస్తే తుండూ లేదు, తెప్పా లేదు.

వెళ్ళి ఆ చోటంతా గాలించాడు. నీళ్ళే. ఇంజిను నడిచి బావ ఇంటికెళ్ళిపోయుంటాడని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఒడ్డుకొచ్చాక ధనరాజు ఇంకా రాలేదని తెలిసినా, వచ్చేస్తాడులే అని, పడినవాటిలో పెద్ద కోనాం ఒకటి ఏరి చెల్లెలింటికి పంపాడు. సాయంత్రం వెతకడానికి పడవలు బయల్దేరుతుంటే, నువ్వేం చూశావని అందరూ అడిగారు. తుండు మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఎదురుగా భారతి నిలబడి ఉంది. ఆ ముఖం చూసేసరికి తుండు లోపలే ఉండిపోయి, ఓడ మాట బయటికి వచ్చింది.

నెల తర్వాత తాసిల్దారు మేడమ్ విచారణకు వచ్చి తుఫాను షెల్టరు మేడ మీద కుర్చీ వేయించుకుంది. ఊరి పెద్ద కూర్మయ్య మెట్ల దగ్గర గంగరాజు భుజం పట్టుకున్నాడు. "ఒరే, ఓడ గుద్దడం కళ్ళారా సూసినానని సెప్పు. ఆ ఒక్క మాట సాలు. మీ సెల్లికి నాయం జరుగుతాది."

పక్కనే ఉన్న భారతి నెమ్మదిగా అంది. "మీ బావ తుండు ఎత్తే ఉంటాడు అన్నియ్యా. ఓడలో అన్నేసి కళ్ళున్నాయి కదా. సూసీ రానోడు మనిసేనా?"

గంగరాజుకు ఆ మెట్లు ఎక్కడం ఎప్పుడు అయిందో తెలియలేదు.

"ఓడ మీ బావ తెప్పకు ఎంత దూరంలో ఉంది?" తాసిల్దారు అడిగింది.

"ఓడ ఎక్కడో ఉన్నాదమ్మా. అది గుద్దనేదు. మా బావ తుండు ఎత్తినాడు. నేను సూసినాను. వల కొయ్యనేదు."

ఊరంతా అతని వెనకే మేడెక్కి ఉంది. అందరూ తనమీద పడి కొడతారనుకున్నాడు. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. ముందుగా తేరుకున్నది కూర్మయ్యే. "అమ్మా, అది రాసుకోకండి. ఈడిని బెదిరించినారు. మొన్న దిబ్బల కాడికి తెల్ల జీపొచ్చింది, నేను సూసినాను."

అవునవునన్నారు వెనక నుంచి. తెల్ల జీపు కాస్తా రెండు జీపులైంది. "నిజమే సెప్తన్నాను మావా" అని గంగరాజు ఎంత మొత్తుకుంటే వాళ్ళకు అంత జాలేసింది. ఒకడు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఇంకొకడు వీపు నిమిరాడు. "బయపడకురా, ఊరంతా నీ ఎనకాలున్నాది." నేరం ఒప్పుకున్నవాడిని ఇంత ప్రేమగా చూసిన ఊరు ఇంకోటి ఉండదు. ఆ ప్రేమను అతను భరించలేకపోయాడు. మధ్యాహ్నానికల్లా సాక్షి నోరు కూడా నేవీవాళ్ళు మూయించేశారని నరసన్నపేటలో చెప్పుకుంటున్నారు.

జనం దిగిపోయాక భారతి ఒక్కతే మిగిలింది. ఆమె ముఖంలో జాలి లేదు.

"ఆవేళ ఏం సేప పడ్డాది అన్నియ్యా?"

"కోనాం."

"నాకు పంపించినావు, అదేనా?"

తల వంచుకుని ఊపాడు.

"పులుసు పెట్టి, మీ బావొచ్చి తింటాడని మూతేసి ఉంచినాను. ఆ రేత్రి నువ్వొచ్చి గుమ్మంలో కూకున్నావు. పొద్దుటి నుంచీ ఏటీ తినలేదన్నావు. ఆయనకని ఉంచినది నీకే ఒడ్డించినాను." ఆమె కొంగు సర్దుకుని మెట్ల వైపు నడిచింది. "ఇంకో ముద్ద అడిగి మరీ తిన్నావు."